కుండలో పెళ్ళివారు

మొన్నీమధ్య రాజోలు వెళ్ళే రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర మా కారు ఆపాం. మా ముందు ఒక చిన్న వ్యాను ఆగి ఉంది. దాని నిండా నీలం రంగు డ్రమ్ములు, డ్రమ్ముల్లోకి సన్నటి గొట్టాలు. లోపల్నించి బుడబుడమని ఒకటే చప్పుడు. నాకు సరిగ్గా వినపడే చెవి ఒక్కటే మిగిలింది, అయినా ఆ చప్పుడు మాత్రం రెండు చెవులకీ వినపడింది. మనవరాలు వద్దంటున్నా కర్ర ఊతంతో వ్యాను దగ్గరికి పోయి, "ఇందులో ఏమిటి బాబూ?" అని అడిగాను.

"సీడండి మామ్మగారూ. పండుగప్ప పిల్లలండి. చెరువులో వెయ్యడానికి తీసుకెళ్తున్నామండి. గాలి ఆగితే పోతాయండి, అందుకే గొట్టాలు పెట్టేం," అన్నాడు డ్రైవరు కుర్రాడు.

నాకు నవ్వు ఆగలేదు. మా రోజుల్లో పండుగప్పని పట్టడం కోసం దాని తిండికి గాలి ఊదాం. ఇప్పుడు దానికే ఊదుతున్నారు. ఎంత మర్యాద వచ్చింది దానికి! ఎందుకు నవ్వుతున్నారని ఆ కుర్రాడు అడిగాడు. చెప్పాలంటే వాడి టీ చల్లారిపోతుంది. వాడికి తొందర, నాకు తీరిక. అందుకని మీకు చెబుతాను.

మా ఊరు కాలవకీ వైనతేయ పాయకీ మధ్యన ఉండేది. కాలవలో తీపి నీళ్ళు, పాయలో సముద్రపు పోటుకి ఉప్పెక్కే నీళ్ళు. కొబ్బరి డొక్కలు నానేసిన గోతుల కంపు, దడుల మీద ఆరేసిన చేపల వాసన, పొద్దున్నే పేడనీళ్ళు చల్లిన వాకిళ్ళ వాసన అన్నీ కలిసి ఊరికి ఒకే వాసన ఉండేది. మాకది కంపని తెలియనే తెలియదు. రామచంద్రపురం దగ్గర మెట్టినింటికి వెళ్ళి, వేవిళ్ళతో తిరిగొచ్చిన మా అక్క వాకిట్లో బండి దిగుతూనే ముక్కు మూసుకుంటే అప్పుడు తెలిసింది.

మా నాన్న వల మనిషి. పెద్ద పడవల్లో సముద్రం మీదికి పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. మా తాతయ్య గాలం మనిషి. ఆయనకి వలంటే చిన్నచూపు. "వలలో చేప కర్మ కాలి పడద్దే. గాలానికి మనసుపడి పడద్ది," అనేవాడు. అందులోనూ ఆయన మోజంతా పండుగప్ప మీదే. పండుగప్ప చచ్చిన ఎర వైపు కన్నెత్తి చూడదు. ముక్కు ముందు కదులుతూ, తోక ఆడిస్తూ పోయేదాన్నే మింగుతుంది. కాబట్టి పండుగప్ప కావాలంటే ముందు ఎరని బతికించుకోవాలి. కాలవలో పట్టిన పరిగెల్ని నది ముఖద్వారం దాకా ప్రాణాలతో తీసుకెళ్ళాలి. చేపని పట్టడం ఒక ఎత్తు, ఆ చిన్న చేపల్ని కాపాడుకోవడం పది ఎత్తులు.

పడవ నడుమ గడ్డి కుదురు మీద వెడల్పు మూతి కుండ ఒకటి ఉండేది. దాని చుట్టూ తడి గోనె, పైన అరటాకు. అందులో కాలవ నీళ్ళు, నీళ్ళలో పరిగెలు. మా తాతయ్య వాటిని ఎర అననిచ్చేవాడు కాదు. బతికున్నంతసేపూ వాళ్ళు పెళ్ళివారు. ఆ కుండ పేరు విడిది. పెళ్ళివారి ముందు గట్టిగా మాట్లాడకూడదు. వాళ్ళ మీద నీడ పడేలా లేచి నిలబడకూడదు. ఎండకి కాలిన చెయ్యి కుండలో పెట్టకూడదు, ముందు నదిలో ముంచి చల్లార్చుకోవాలి. పడవ దిగువకి పోతున్నకొద్దీ ఒక కొబ్బరిచిప్పడు నీళ్ళు తీసి, ఒక చిప్పడు నది నీళ్ళు పొయ్యాలి. కొత్త కోడలికి అత్తారింటి కారం అలవాటు చేసినట్టు, ఉప్పు మెల్లగా అలవాటు చెయ్యాలి. మధ్యమధ్యలో కుండలో నీళ్ళే చిప్పతో ముంచి, ఎత్తి, ధారగా పోస్తూ ఉండాలి. అలా పోస్తే నీళ్ళు గాలి మింగుతాయని తాతయ్య చెప్పేవాడు.

ఈ చిప్ప పని నాది. మా ఇంట్లో మగపిల్లలు లేరు. ఆడపిల్ల పెద్దమనిషయ్యేదాకా పడవెక్కితే తప్పులేదని తాతయ్య తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు మీద ఊళ్ళో ఆడవాళ్ళు చాటుగా ఏమనుకున్నారో నాకు అనవసరం. విడిది చూసుకునే పెత్తనం నాది, ఆ పెత్తనంతో నేల మీద నడిచేదాన్ని కాదు. "పెళ్ళివారు కాఫీ తాగేరా? పెళ్ళివారికి వక్కపలుకులు పంపేరా?" అని కుండతో మాట్లాడుతూ ఉంటే తాతయ్య చుట్ట పళ్ళ మధ్య పెట్టుకుని కిసుక్కున నవ్వేవాడు.

ఆ ఏడు వరద తీసి, ఎర్రనీళ్ళు కాస్త తేటపడుతున్న రోజుల్లో అక్క పుట్టింటికొచ్చింది. మూడో నెల. ఏది తిన్నా నిలవదు. మా అమ్మ వండని వంట లేదు. పెసరకట్టు, తరవాణి, నిమ్మకాయ పిండిన జావ... అన్నీ వాకిట్లో అరటి మొదట్లోకే పోయేవి. అక్క బుగ్గలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారేవి. మంత్రసాని వచ్చి చూసి, అమ్మని పెరట్లోకి పిలిచి, "పిల్ల ఒంట్లో పసరు లేదమ్మా. ఇలాగే ఉంటే కడుపు నిలబడదు," అంది. నేను దొడ్డి తలుపు వెనకాలే ఉన్నాను. అంతా విన్నాను. నాకు చాలా భయమేసింది.

ఆ మర్నాడు అక్క గోడకి చేరగిలబడి, ఉన్నట్టుండి, "పండుగప్ప పులుసైతే తింటానే అమ్మా," అంది.

అమ్మ మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే ఆరిపోయింది. వరద తర్వాత వలల్లో జెల్లలూ నాచూ తప్ప ఏవీ పడటం లేదు. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది పెట్టకపోతే పుట్టేబిడ్డకి చెవిలో చీము కారుతుందని మా వైపు నమ్మకం. చెవి మాట దేవుడెరుగు, ముందు బిడ్డ దక్కాలి. తాతయ్య గాలం తాడు తీసుకుని అరుగు మీద కూర్చుని, మూరమూరా లాగి చూసుకోవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ పూటే మా బావ సైకిలు వెనకాల అరటిగెల కట్టుకుని దిగాడు. వాళ్ళూ మావాళ్ళే గానీ, తాతల నాడే నాగలి పట్టారు. చేపని కూరలో తప్ప నీళ్ళలో చూడని మనిషి. ఆయన మర్యాదస్తుడన్న పేరు మా ఊరి దాకా పాకింది. దూడ అడ్డొచ్చినా, "కాస్త తప్పుకుంటారా అండి," అంటాడని నేను అక్కని ఏడిపించేదాన్ని. సంగతి విని, కాళ్ళు కూడా కడుక్కోకుండా తాతయ్య ముందు నిలబడ్డాడు.

"నేనూ వస్తానండి తాతయ్యగారూ."

"నీళ్ళ మీద ఎండ చురుగ్గా ఉంటాదండి అల్లుడుగారూ. మీకెందుకండి శ్రమ?"

"ఆవిడ అక్కడ అలా పడుకుని ఉంటే నాకిక్కడ ఏం తోస్తుందండి?"

అల్లుణ్ణి కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురం కాలవలోకి దిగాం. పాత చీర చెరో కొసా పట్టుకుని నేనూ బావా ముంచితే, తాతయ్య మెరుపు తగ్గనివి, పొలుసు రాలనివి ఏరి కుండలో వేశాడు. తోక దగ్గర నల్లచుక్క ఉన్న పరిగెలు, పైకీ కిందికీ తిరుగుతుంటే కుండంతా తళతళలాడింది. బావ కుండలోకి తొంగిచూసి, "ఎంతమంది వచ్చేరండి పెళ్ళికి!" అన్నాడు. మర్యాద మాట చెవిన పడగానే అందిపుచ్చుకున్నాడే అని నేను మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు.

అమ్మ అల్లుడుగారి కోసం మినప సున్నుండలు మూటకట్టి ఇచ్చింది. నెయ్యి ఓడుతున్నాయి, గుడ్డంతా తడిసిపోయింది. నేను దొడ్లోని బొప్పాయి కాడ ఒకటి విరిచి నడుముకి దోపుకున్నాను. గుల్లగా ఉండే ఆ కాడతో నీళ్ళలో ఊది బుడగలు తెప్పించడం నాకు సరదా. నది సముద్రంలోకి తీసే పాటు మీద పడవ దిగువకి జారుతూ పోయింది. తాతయ్య గెడ వేస్తున్నాడు. నేను చిప్పడు తీసి చిప్పడు పోస్తున్నాను. బావ అటొకటి ఇటొకటి చేతులు పెట్టి పడవ అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి పడవ వాళ్ళనీ బాగున్నారా అండి అని పలకరిస్తున్నాడు.

ముఖద్వారం దగ్గర వరదకి కొట్టుకొచ్చిన తాటిదుంగ ఒకటి అడుగున ఇసుకలో దిగబడి ఉంది. నీళ్ళు పాటు నుంచి పోటుకి తిరిగే వేళ పండుగప్ప ఆ దుంగ నీడలోకి వస్తుందని తాతయ్య లెక్క. దానికింకా టైముంది. ఎండ ముదరడంతో అరటాకు వాడిపోయింది. కుండ మీద కప్పడానికి పచ్చి తుంగ కోసుకొద్దామని పడవని ఇసుకమేట దగ్గర ఆపి, తాతయ్యా నేనూ దిగాం.

"పెళ్ళివారు జాగ్రత్తండి అల్లుడుగారూ. వాళ్ళకే లోటూ రాకూడదు," అన్నాడు తాతయ్య అలవాటు కొద్దీ.

"ఆయ్. మీరు వెళ్ళిరండి. నేను చూసుకుంటానండి."

మేము తుంగ కోసుకుని వచ్చేసరికి బావ కుండ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన మొహంలో రక్తం లేదు. కుండలో నీళ్ళ మీద నెయ్యి పొర పసుపుపచ్చగా మెరుస్తోంది. దాని కింద పెళ్ళివారంతా తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నారు.

"నోళ్ళు తెరుస్తున్నాయండి పాపం," అన్నాడు బావ. "ఆకలేసిందేమోనని ఒక సున్నుండ చిదిపి వేసేనండి. తిన్నాయండి. మళ్ళీ నోళ్ళు తెరిచేయి. మొహమాటపడుతున్నాయేమోనని ఇంకోటి వేసేనండి."

చిప్పతో గాలి పోసేవాళ్ళు లేక అవి ఊపిరికి నోళ్ళు తెరిచాయి. మా బావ వాటికి మారు వడ్డించాడు. చుట్టం నోరు తెరిస్తే ఆకలి అనుకునే ఊళ్ళో పుట్టాడు మరి, ఆయనకింకేం తోస్తుంది? నేను, "చంపేసేరు బావా," అని ఏడుపు లంకించుకున్నాను. తాతయ్య చుట్టని పటుక్కున కొరికి రెండు ముక్కలు చేశాడు. నాన్నే ఆ పని చేసి ఉంటే నదిలోకి తోసేవాడు. కానీ ఎదుట ఉన్నది అల్లుడు. ఆ ముక్కల్ని నదిలోకి ఉమ్మి, "పర్లేదండి. మర్యాద కాస్త ఎక్కువైందండి అంతే," అన్నాడు.

అక్కడ మళ్ళీ ఎర పట్టాలంటే పాత చీర వెంట లేదు, పరిగెలు ఉండే తీపి నీళ్ళూ లేవు. వెనక్కిపోయి వస్తే పోటు తప్పిపోతుంది. నా కళ్ళ ముందు మోచేతి దాకా జారిన అక్క గాజులే కనపడుతున్నాయి. ఏడుస్తూనే కుండలో చెయ్యి పెట్టి, చచ్చినవాటిని తీసి పారేస్తుంటే, అడుగున ఏదో చురుక్కుమని వేలికి తగిలింది. ఒక్కటి. మిగతావాటికన్నా చిన్నది, ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, మొప్పలు మాత్రం కొట్టుకుంటున్నాయి.

"తాతయ్యా, ఒకళ్ళు ఉన్నారు," అన్నాను.

తాతయ్య గెడ పడేసి వచ్చాడు. ఆ ఒక్కదాన్ని చిప్పలోకి తీసుకుని, నెయ్యి నీళ్ళు పారబోసి, కుండని ఇసుకతో తోమాడు. కొత్తగా తీపి నీళ్ళు కావాలి. పడవలో ఉన్నవి మేము తాగడానికి తెచ్చుకున్న ముంతెడు నీళ్ళే. బావ ఎవరినీ అడక్కుండా ఆ ముంత ఎత్తి కుండలో వంపేశాడు. వాటికి కొంచెం నది నీళ్ళు కలిపి చేపని వదిలితే అది ఇంకా ఒరిగే ఉంది.

"చిప్పతో ఎత్తి పోస్తే ఆ దెబ్బకే పోద్ది. గాలి మెత్తగా తగలాలి," అన్నాడు తాతయ్య. అప్పుడాయన చూపు నా నడుముకున్న బొప్పాయి కాడ మీద పడింది.

బావ కాడ అందుకుని కుండలో పెట్టి, బుస్సుమని ఊదాడు. చేప ఎగిరి కుండ గోడకి కొట్టుకుంది.

"అలా కాదండి. పాలు పొంగినప్పుడు ఊదినట్టు, నెమ్మదిగానండి."

బావ నెమ్మదిగా ఊదాడు. బుడ, బుడ, బుడ. పడవ కదిలింది. ఎండకి నది కళ్ళల్లో పొడుస్తోంది. ముగ్గురికీ నాలుకలు పిడచగట్టుకుపోతున్నాయి, మా తాగే నీళ్ళలో ఆ మహారాజు పడుకుని ఉన్నాడు. నేను తుంగ తడుపుతూ, చిప్పడు తీసి చిప్పడు పోస్తూ, నిమిషానికోసారి కుండలోకి చూస్తున్నాను. బావ తల ఎత్తలేదు. కాసేపటికి ఒరిగిన చేప నిలువుకొచ్చింది. ఇంకాసేపటికి ఒక చుట్టు తిరిగింది. నేను కేకేస్తే తాతయ్య కళ్ళెర్రజేశాడు, పెళ్ళివారి ముందు కేకలా అని. బొప్పాయి పాలు కారి బావ పెదాలు ఎర్రబడ్డాయి. "నేనూదుతాను ఇటివ్వండి బావా," అంటే కాడ నోట్లోంచి తియ్యకుండానే తల అడ్డంగా ఊపాడు.

తాటిదుంగ దగ్గరికి చేరేసరికి నీళ్ళ మీద తేలుతున్న కొబ్బరి డొక్క కదలకుండా నిలబడింది. పాటు ఆగింది. డొక్క మెల్లగా వెనక్కి, మా ఊరి వైపుకి తిరిగింది. పోటు మొదలైంది. తాతయ్య గాలం తీశాడు. కుండలోకి చెయ్యి పెట్టబోతే బావ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంతసేపు ఊపిరి పోసి, ఇప్పుడు గుచ్చాలాండి?"

నవ్వుతాలుకి అనలేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. తాతయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఊదింది మీరండి. మీ మాటే మాట. వదిలెయ్యమంటే నదిలో వదిలేద్దాం. ఇంటికాడ పిల్ల ఎదురు చూస్తా ఉంటాది."

బావ కుండలోకి చాలాసేపు చూశాడు. నల్లచుక్క తోక ఆడిస్తూ చుట్లు తిరుగుతోంది. "వెయ్యండి," అని మొహం అటు తిప్పుకున్నాడు. తాతయ్య దాని వీపు మీద తోలు కింద, నొప్పి తెలియనంత సన్నగా ముల్లు గుచ్చి, చేతుల్తోనే నీళ్ళలోకి దింపాడు. దించుతూ ఏదో గొణిగాడు. ఎప్పుడూ గొణిగేవాడు, ఏమిటో నాకెప్పుడూ చెప్పలేదు.

తాడు నీళ్ళలోకి సన్నగా సాగింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. నా గుండె చప్పుడు పండుగప్పకి వినపడుతుందేమోనని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాను. దుంగ పక్కన నీళ్ళు ఒక్కసారి గుంట పడ్డాయి. ఠప్పుమని చప్పుడు. తాడు తాతయ్య చేతుల్లోంచి బుస్సున పోయింది, పడవ ఒక పక్కకి వాలింది, ఆయన కాలు జారి వెల్లకిలా పడ్డాడు.

తాడుని బావ అందుకున్నాడు. వట్టి చేతుల్తో.

"దుంగ కిందకి పోనివ్వకండి. తాడు తెగుద్ది," అని తాతయ్య పడ్డచోటి నుంచే అరిచాడు. "ఎద్దుని పట్టినట్టు పట్టండి అల్లుడుగారూ."

అంతే. అప్పటిదాకా పడవ అంచులు పట్టుకుని కూర్చున్న మనిషి లేచి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. బురద చేలో బెదిరిన ఎద్దుల్ని నిలబెట్టిన చేతులవి. లాగితే వదిలాడు. అలిస్తే చుట్టాడు. చేప నీళ్ళ మీదికెగిరి వెండిలా మెరిసి మళ్ళీ మునిగితే, నేను పెళ్ళివారి మర్యాదలన్నీ మరిచిపోయి గొంతు చించుకుని అరిచాను. పక్క పడవల వాళ్ళు కూడా గెడలు ఆపి చూస్తున్నారు. ఎట్టకేలకి పడవ పక్కకొస్తే తాతయ్య కొక్కెం వేసి లోపలికి లాగాడు. దాదాపు నా అంత చేప. తోకతో ఒక్కటి కొడితే నా కొబ్బరిచిప్ప ఎగిరి నదిలో పడింది.

బావ రొప్పుతూ, దాని నోట్లోకి తొంగిచూసి, "మనవాడు ఏడండి?" అన్నాడు.

"లోపల విడిదిలో ఉన్నాడండి," అన్నాడు తాతయ్య. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదటిసారి.

దీపాలు పెట్టే వేళకి మా ఇంట్లో దాకలో పులుసు కుతకుతలాడుతోంది. చింతపండు, మెంతులు, చివర్లో వేసిన కొత్తిమీర... వీధి చివరికి పోయింది వాసన. అమ్మ కంచంలో వడ్డించి అక్క ముందు పెట్టింది. అక్క ముద్ద కలిపింది, నోటి దాకా తెచ్చింది, ఆపేసింది. మొహం తిప్పుకుంది. అమ్మ చేతులు చెంబు కోసం తడుముకున్నాయి.

అప్పుడే బావ పెరట్లో కాళ్ళు కడుక్కుని గడపలోకి వచ్చాడు. బొప్పాయి పాలకి ఆయన మూతి ఉబ్బి, పై పెదవి ముక్కుని అందుకుంటోంది. "ఏంటండి, తినట్లేదా?" అన్నాడు గానీ, ఒక్క మాటా సరిగ్గా పలకలేదు.

"అదేంటి ఆ మూతి?" అంది అక్క.

నేను చెప్పేశాను. సున్నుండలు, మారు వడ్డన, తాగే నీళ్ళు, కాడ, అన్నీ. మధ్యలో బావ ఊదినట్టు ఊది కూడా చూపించాను. అక్క ముందు పెదవి బిగబట్టింది. తర్వాత ఆగలేకపోయింది. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. పుట్టింటికొచ్చాక అంతవరకూ అక్క నవ్వడం మేం వినలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆయన మూతి వంకే చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద. మారు అడిగింది. మేమంతా అరటిచెట్టు వైపు చెవులు పెట్టి కూర్చున్నాం. ఏమీ బయటికి రాలేదు. బావకి మాత్రం పులుసు తగిలితే పెదాలు మంట. అంత చేపనీ పట్టుకొచ్చిన మనిషి ఆ పూట పెరుగన్నం తిని లేచాడు.

పుట్టినవాడికి చెవులు నిక్షేపంగా ఉన్నాయి. తల్లి మాట తప్ప అన్నీ వినేవాడు. మా తాతయ్య పోయేదాకా బావని తన పడవలో కూర్చోబెట్టుకునే ముందు మూట విప్పించి చూసేవాడు. ఇప్పుడా ఇసుకమేట లేదు. కాలవ పక్క చేలన్నీ చెరువులయ్యాయి. బావ పోయి కూడా ఏళ్ళయింది.

వ్యాను దగ్గర నిలబడి మనవరాలి ఫోను అడిగి అక్కకి చేయించాను. తొంభై దగ్గరపడుతున్నా అక్క మాట ఇంకా గట్టిగానే ఉంది.

"అక్కా, ఇక్కడ వ్యానులో పండుగప్ప పిల్లలకి గాలి ఊదుతున్నారే."

నేను ఫోను డ్రమ్ము దగ్గరగా పెట్టాను. బుడ, బుడ, బుడ.

"ఎవరూదుతున్నారే?" అంది అక్క.

"మిషనక్కా."

"మిషనా," అంది అక్క. "దానికి మూతి వాచదు కదే."